నాలుగు వేళ్ళ ఎక్స్‌పోజర్

మా తోటికోడలు ఏం ఉద్యోగం చేస్తుందని ఎవరైనా అడిగితే ముందు వాళ్ళని కూర్చోమంటాను. అది నిలబడి వినే సంగతి కాదు. ఆవిడ ఎండ కాయిస్తుంది. ఒక వీడియో గేములో ఒక తలుపు ఉంది. ఆ తలుపు తెరిస్తే బయటి వెలుగు ఎంతసేపు కళ్ళు చెదరగొట్టాలి, ఎప్పుడు చల్లబడాలి, చల్లబడ్డాక వీధిలో ముందు ఏం కనబడాలి, ఆఖరున ఏం కనబడాలి, అంతా ఆవిడ చెప్పినట్టే జరుగుతుంది. ఎండ కూడా ఒకరి మాట వింటుందని నాకు రిటైరయ్యాకే తెలిసింది.

ఇంట్లో ఆవిడకి మేం పెట్టుకున్న పేరు స్విచ్చులమ్మ. పెట్టింది మా మరిది, అంటే ఆవిడ మొగుడే. కాపురానికి వచ్చిన కొత్తలో ఏ గదిలోకి వెళ్ళినా ముందు లైటు ఆర్పేది, కాసేపు ఆగి వేసేది, మళ్ళీ ఆర్పేది. గది ఎలా ఉంటుందో చూస్తున్నానని చెప్పేది. చీకట్లో ఏం చూస్తుందో మాకెవరికీ అర్థమయ్యేది కాదు. ఒకసారి మా అత్తగారు అన్నం తింటూ ఉండగానే ఆర్పేసింది. చీకట్లోంచి అత్తగారి గొంతు తాపీగా వినబడింది. "ముద్ద ఎక్కడుందో నాకు తెలుసులే అమ్మాయ్, నీ మొగుడు ఎక్కడున్నాడో కాస్త వెతికిపెట్టు, వాడితో మాట్లాడాలి."

అసలు ఆ పిల్ల పెరగడమే వెలుగుకీ చీకటికీ మధ్య పెరిగింది. వాళ్ళ నాన్న ఫోటోగ్రాఫరు. సొంత స్టూడియో, వెనకాల డార్క్ రూము. ఫిల్ము కడిగే ఆ చీకటి గదిలో ఒక్క ఎర్ర బల్బు, పక్కపక్కన నీళ్ళ ట్రేలు, తాడుకి క్లిప్పులు పెట్టి ఆరేసిన ఫోటోలు. బడి లేనప్పుడల్లా ఈవిడ అక్కడ ఎత్తు పీట మీద కూర్చుని, తెల్ల కాగితం మీద మొహాలు తేలడం చూస్తూ ఉండేదట. పని అయిపోయాక వాళ్ళ నాన్న ముందు బయటికి వెళ్ళేవాడు. ఆ గది తలుపు నేరుగా వీధిలోకే. ఈవిడ గుమ్మం దాటగానే ఆయన అరచెయ్యి వచ్చి కళ్ళకి అడ్డం పడేది. ఆ తర్వాత చిటికెన వేలు ఎత్తేవాడు. ఆ సందులోంచి తెల్లటి వెలుగు. కళ్ళు అలవాటు పడ్డాక ఉంగరపు వేలు. తర్వాత మధ్యవేలు. ఆఖరున చూపుడువేలు. అప్పటికి వీధంతా వచ్చి ఎదురుగా నిలబడి ఉండేది. ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఆవిడ తన చెయ్యి తన కళ్ళకే అడ్డం పెట్టుకుని చూపిస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు పుట్టలేదు.

రోజులు మారి ఫిల్ము పోయింది, డార్క్ రూము పోయింది. పెద్దాయన షట్టరు దించేశాడు. ఈవిడ మా ఊరికి వచ్చాక వేరే స్టూడియోలో కంప్యూటరు మీద ఫోటోలు బాగుచేసే పని చేసింది. మొటిమలు తీసేయడం, తలలు నున్నగా దువ్వినట్టు చేయడం. ఆ స్టూడియోకి ఒకసారి పాస్‌పోర్టు ఫోటో కోసం ఒక కుర్రాడు వచ్చాడు. ఈవిడ అతని మొహం మీద నీడ ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ ఉంచాలో చూపిస్తుంటే కుర్చీ లాక్కుని కూర్చుండిపోయాడట. మూణ్ణాలుగు రోజుల తర్వాత మళ్ళీ వచ్చి, మా గేముకి వెలుగు చూసుకునే మనిషి కావాలి, వస్తారా అని అడిగాడు.

అతన్ని అందరూ కెప్టెన్ అంటారు. కుట్టుమిషన్లు బాగుచేసే షాపు పైన, మెట్లెక్కితే వాళ్ళ ఆఫీసు. కంపెనీ అంటే మొత్తం ముగ్గురు. కెప్టెన్, ఈవిడ, బొమ్మలు గీసే ఒక పెద్దమనిషి. కెప్టెన్ మంచివాడే గానీ ఒక అలవాటుంది. ఏదైనా బాగా కుదిరితే "నేను" అంటాడు, తప్పు జరిగితే "మనం" అంటాడు. బొమ్మలాయనకి ఇంకో అలవాటు. ఏ మగమనిషిని గీసినా కాస్త పొట్ట పెడతాడు. ఎదురుగా అద్దం పెట్టుకుని గీస్తాడు కదా, అది ఆయన తప్పు కాదు.

గేము సంగతి చెప్పాలి. ఒక చిన్న ఊళ్ళో ఒక ఫోటో స్టూడియో. అందులో ఒక పాప. ఫోటోలు కడిగాక వాటిని ఎవరివి వాళ్ళ ఇళ్ళకి తీసుకెళ్ళి ఇవ్వాలి. ఆడేవాళ్ళే ఆ పాప. ఆట మొదలయ్యేది డార్క్ రూములో. ఫోటో కడుగుతారు, తలుపు తెరుస్తారు, వీధిలోకి వస్తారు. ఆ తలుపు దగ్గరి వెలుగే మా స్విచ్చులమ్మ పని.

కెమెరాలోకి ఎంత వెలుగు రానివ్వాలన్నదాన్ని ఎక్స్‌పోజర్ అంటారు. గేములో నిజం కెమెరా ఉండదు, ఉన్నట్టు కంప్యూటరు లెక్క కడుతుంది. ఆ లెక్క తనంతట తాను చూసుకునే ఏర్పాటు కూడా తయారుగా ఉంటుందట. కానీ అది తెర మీది వెలుగునంతా కలిపి సగటు తీస్తుంది. పాప తెల్ల గోడ దగ్గరికి వెళ్ళిందంటే వెలుగు ఎక్కువైందని వీధంతా మసక చేస్తుంది. నల్ల గొడుగు వేసుకున్న మనిషి ఎదురొస్తే చీకటి పడిందనుకుని ఆకాశానికి సున్నం కొడుతుంది. నాకు వెంటనే మా పాత హెడ్మాస్టరు గుర్తొచ్చాడు. ఆయనా అంతే, క్లాసు సగటు చూసి అందరినీ ఒకే బెత్తంతో సరిచేసేవాడు. అందుకని మా తోటికోడలు ఆ ఏర్పాటుని ఆపేసి, వెలుగు ఎప్పుడు ఎంత ఉండాలో తానే వరస వరసగా స్క్రిప్టు రాసింది. స్క్రిప్టు అంటే కంప్యూటరుకి ఇచ్చే ఆజ్ఞలు. పాప గుమ్మం మీద కాలు పెట్టిందా, ఎక్స్‌పోజర్ ఇంత పెంచు. తర్వాత కొంచెం కొంచెం తగ్గించు. ఇక్కడ కాసేపు ఆగు. మళ్ళీ తగ్గించు. అదీ పద్ధతి.

ఈ పని నేర్చుకునే రోజుల్లో మా ఇంట్లో జరిగిన భాగోతం అంతా ఇంతా కాదు. వెలుగులోంచి చీకట్లోకి వెళ్తే కన్ను తెరిపిన పడడానికి చాలాసేపు పడుతుంది, చీకట్లోంచి వెలుగులోకి వస్తే త్వరగా సర్దుకుంటుంది. కన్నుపాప పాఠం నేను ఎంతమంది పిల్లలకి చెప్పానో లెక్క లేదు. చెప్పడమే గానీ ఎన్నడూ చీకట్లో కూర్చుని చూసుకోలేదు. ఈవిడ కూర్చుంది. సామాన్ల గదిలోకి వెళ్ళి తలుపేసుకోవడం, బియ్యం డబ్బా మీద కూర్చోవడం, దిగ్గున బయటికొచ్చి కిటికీ వైపు చూడటం. ఒకరోజు వాటర్ ఫిల్టరు బాగుచేసే ఆయన పైపు కోసం ఆ గది తలుపు తీశాడు. లోపల చీకట్లో కళ్ళు విప్పార్చుకుని కూర్చున్న ఆడమనిషి. ఆయన తలుపు మళ్ళీ మెల్లిగా వేసి, నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, ఇంట్లో ఏమైనా గొడవా అండీ అని అడిగాడు. ఉద్యోగం చేసుకుంటోందండీ అన్నాను. ఆయన నమ్మలేదు. ఆ తర్వాత రెండు వీధుల అవతల ఎదురుపడ్డా, చెల్లెమ్మ కులాసానా అని ఆరా తీసేవాడు.

నన్ను కూడా ఆ ఆఫీసులోకి లాగింది. గేములు ఏమాత్రం తెలియని మనిషి ఆడితేనే తప్పులు బయటపడతాయట. నేను ఆడితే పాప గోడలకి గుద్దుకుంటుంది, కుండీలు పగలగొడుతుంది, ఎవరి ఫోటో ఎవరికో ఇచ్చేస్తుంది. కెప్టెన్ పాపం తల పట్టుకునేవాడు. కానీ ఆ తలుపు దగ్గర మాత్రం నేనూ ఆగిపోయాను. తలుపు తెరవగానే తెరంతా తెల్లగా, పాలపొంగులా. ఏమీ కనబడదు. సైకిలు బెల్లు మాత్రం వినబడుతుంది. ఆ తెల్లదనం కాస్త చల్లారి ఇళ్ళ కప్పులు కనబడ్డాయి. ఆగింది. ఇంకాస్త చల్లారి షాపుల బోర్డులు. ఆగింది. తర్వాత సైకిలు. ఆఖరున, వీధికి అవతల నిలబడి ఇటే చూస్తున్న తెల్ల చొక్కా మనిషి. చేతి బొమ్మ ఎక్కడా గీయలేదు, అయినా నాకు నాలుగు వేళ్ళూ తెలిశాయి. చీకటి గదిలోంచి బయటికొచ్చిన పిల్లనైపోయాను, ఈ వయసులో.

కెప్టెన్‌కి మాత్రం ఆ తలుపంటే భయం. తెల్ల తెర అంతసేపు ఉంటే కంప్యూటరు చెడిపోయిందనుకుని జనం లేచిపోతారంటాడు. దాని బదులు తెరని మామూలుగా నల్లగా మూసి వీధి తెరిచేస్తే పోతుంది కదా అని ఆ రకం కూడా తయారుచేసి పెట్టుకున్నాడు. ఇద్దరికీ చాలా వాదన నడిచింది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. చిన్న చిన్న కంపెనీలు తమ గేములు జనానికి చూపించుకునే ప్రదర్శన ఒకటి జరగబోతోంది. ఆ రోజు మధ్యాహ్నం, ఆటలు విడుదల చేసే సంస్థ తరఫున ఒకావిడ కూడా వస్తుంది. జనం ఆ తలుపు దగ్గర ఆగి వీధి వచ్చేదాకా చూస్తే తలుపు ఉంటుంది. లేచిపోతే తలుపు తీసేయాలి. ఒకసారి తీశాక ఇంక మళ్ళీ అడగకూడదు. మా స్విచ్చులమ్మ సరేనంది. ఇంటికొచ్చి లైట్లన్నీ ఆర్పి కూర్చుంది. ఆ పూట ఎవరూ వెక్కిరించలేదు.

వాళ్ళ నాన్నకి ఈవిడ ఇవేవీ చెప్పలేదు. ఆయనకి తెలిసిందల్లా కూతురు ఎక్కడా లేని కెమెరాకి ఎక్స్‌పోజర్ పెడుతోందని. "లేని గుర్రానికి కళ్ళెం కుట్టినట్టుందే," అన్నాడట ఫోన్లో. ప్రదర్శనకి మాత్రం ఆయన్ని తీసుకొస్తానని మా మరిది మాటిచ్చాడు.

హాలు చూస్తే నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. వరసగా బల్లలు, బల్లకో పెద్ద తెర, ఎక్కడ చూసినా రంగులు, చప్పుళ్ళు, అరుపులు. కంప్యూటర్లు నిర్వాహకులే ఇచ్చారు. మా బల్ల మీదిది కొత్త పెళ్ళికొడుకులా మెరిసిపోతోంది. మొదట ఒక కాలేజీ అబ్బాయి కూర్చున్నాడు. ఫోటో కడిగాడు, తలుపు తెరిచాడు. తెర ఒక్కసారి తెల్లగా మెరిసింది, అంతే, వీధి వచ్చేసింది. ఎవరో ఫ్లాష్ కొట్టినట్టు. అబ్బాయి కళ్ళు నులుముకుని, స్క్రీన్ కొట్టుకుంటోందండీ అని లేచిపోయాడు. తర్వాత వచ్చిన అమ్మాయీ అంతే. ఆ తర్వాతి ఆయన తలుపు దాకా కూడా రాలేదు. ముందువాళ్ళ మాట విని పక్క బల్లకి వెళ్ళాడు.

నేను మా తోటికోడలి మొహం చూడలేకపోయాను. కెప్టెన్ గొంతు తగ్గించి, మధ్యాహ్నం ఆవిడ వచ్చేలోపు మనం ఆ రెండో రకం పెట్టేద్దాం మేడమ్ అన్నాడు. కోపంగా కూడా అనలేదు. జాలిగా అన్నాడు, అదే ఇంకా బాధ.

ఈవిడ కుర్చీ ముందుకి లాక్కుంది. తెర ముందు కూర్చుని తన స్క్రిప్టు తెరిచింది. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివింది. ఉన్నట్టుండి నుదురు కొట్టుకుంది. తర్వాత నవ్వింది. నవ్వుతూనే నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నా కన్ను సరిగానే ఉందే. ఈ మెషిన్‌ది పరుగు."

నాకు చెప్పిన తీరు బాగుంది కాబట్టి మీకూ అలాగే చెప్తాను. తెర మీద కదిలేదంతా బొమ్మ వెంట బొమ్మ. కంప్యూటరు ఒక్కో బొమ్మా గీసి చూపిస్తూ పోతుంది. ఈవిడ స్క్రిప్టులో రాసిన ఆజ్ఞ, ఒక్కో బొమ్మకి వెలుగు ఒక్కో చిటికెడు తగ్గించమని. ఆఫీసులోది ముసలి మెషిన్. మెట్లెక్కే నాలాగ ఆగి ఆగి గీస్తుంది. చిటికెలన్నీ పూర్తయ్యేసరికి చాలాసేపు పట్టేది. ఇక్కడిది కుర్ర మెషిన్, అంతసేపట్లో ఎన్నో రెట్లు బొమ్మలు గీసి పడేస్తుంది. అన్ని చిటికెలూ కనురెప్ప వేసేలోపే అయిపోయాయి. బొమ్మకింత అని కాదు, క్షణానికింత అని రాయాల్సింది.

మరి ఇన్నాళ్ళూ ఎవరూ ఎందుకు చూసుకోలేదంటే, దానికి కెప్టెన్ పెట్టిన రూలే కారణం. మన ఆట పాత మెషిన్ మీద నడిస్తే ఎక్కడైనా నడుస్తుందని అతని నమ్మకం. అందుకని ఆఫీసులో ముగ్గురివీ ఒకే వయసు పాత కంప్యూటర్లు. కొత్తదాని మీద ఆడి చూద్దామని ఒక్కరికీ తోచలేదు. కెప్టెన్ అది విని కాసేపు తన బూట్లకేసి చూశాడు. ఇప్పుడు "మనం" అంటాడని నేను ఎదురుచూశాను.

"నాదే తప్పు మేడమ్. ఆ రూలు నాది," అన్నాడు.

అబ్బాయి పెద్దవాడైపోయాడనిపించింది.

ఆజ్ఞ మార్చడం చిన్న పనే. కానీ క్షణానికి ఎంత? ఒక్కో వేలికీ మధ్య ఎన్ని క్షణాలు? ఆ ముసలి మెషిన్ ఒకసారి తొందరగా, ఒకసారి నిదానంగా లాగేది. ఈవిడ దాన్ని బుజ్జగిస్తూ, చూసుకుంటూ, తన జ్ఞాపకంలో ఉన్నట్టు వచ్చేదాకా సర్దింది తప్ప గడియారం పెట్టి ఎన్నడూ కొలవలేదు. కొలుద్దామంటే ఆ మెషిన్ ఊరికి అటు చివర. అందాజుగా ఒక లెక్క వేసింది. చూసి పెదవి విరిచింది. ఇంకొకటి వేసింది. అదీ కాదంది. వెలుగు చల్లబడుతోంది, కానీ వేళ్ళు లేవు.

సరిగ్గా అప్పుడే మా మరిది ఈవిడ నాన్నగారిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో మడిచిన టోపీ. పెద్దాయన ముందు హాలు కప్పు వైపు చూశాడు. లైట్లు మరీ నెత్తి మీద పెట్టారు, అందరి కళ్ళ కింద నీడలు పడుతున్నాయి అన్నాడు. ఆ తర్వాత కూతుర్ని పలకరించాడు. ఈవిడ పలకరింపులకి ఆగలేదు. ఆయన చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో నన్ను పట్టుకుని, హాలు వెనక్కి నడిపించింది. అక్కడ కుర్చీలు పేర్చుకునే గది ఒకటుంది. దానికి వెనకవైపు తలుపు. తీస్తే ఎర్రటి ఎండలో బళ్ళు ఆపుకునే జాగా. అక్కడే సామాను దించే వ్యాన్లు కూడా వచ్చిపోతున్నాయి.

"నాన్నా, అప్పట్లోలాగే చెయ్యి పెట్టు. ఒక్కసారి."

"నీ వయసేంటి, ఈ ఆటేంటే? అప్పుడు నువ్వు నా నడుం దాకా ఉండేదానివి."

"ఇప్పుడు నువ్వు వంగక్కర్లేదు. ఇంకా సుఖం."

పెద్దాయన నా వైపు చూశాడు. టీచరమ్మ గారూ, మీరైనా చెప్పండి అన్నట్టు. నేను ఫోన్లో స్టాప్‌వాచి పెట్టుకుని సిద్ధంగా ఉన్నాను. ఆయనకి నా మీద ఉన్న గౌరవం ఎంతో కొంత తగ్గే ఉంటుంది. గొణుక్కుంటూ బయటికి వెళ్ళి నిలబడ్డాడు. ఈవిడ తలుపు మూసుకుని చీకట్లో కూర్చుంది. కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా మేమిద్దరం ఎండలో వ్యాన్ల నంబర్లు చదువుకుంటూ ఉన్నాం.

తలుపు తెరుచుకుంది. ఈవిడ గుమ్మం దాటింది. చూడండి, అప్పటిదాకా గొణిగిన మనిషి, ఆ చెయ్యి ఎవరూ చెప్పకుండానే లేచి ఆమె కళ్ళకి అడ్డం వెళ్ళింది. చిటికెన వేలు. ఉంగరపు వేలు. నేను అదే చూస్తూ ఫోను నొక్కడం మరిచిపోయాను.

"అక్కా," అంది ఈవిడ చేతి కిందనుంచే, "నొక్కుతున్నావా?"

ఏం చెప్పను. మళ్ళీ లోపలికి పంపాం. కాపలా మనిషి దూరం నుంచి చూస్తూ ఉన్నాడు. మాకేం పట్టలేదు. రెండోసారి బుద్ధిగా నొక్కాను. చిటికెన వేలికి ఒక నొక్కు, ఉంగరపు వేలికి ఒక నొక్కు, మధ్యవేలికి ఒక నొక్కు. చూపుడువేలు మాత్రం లేవలేదు. నేను వేలు ఫోను మీద పెట్టుకుని ఎదురుచూస్తున్నాను. ఈవిడ కదలకుండా నిలబడింది. ఎంతకీ లేవదే. అటుగా ఒక వ్యాను మలుపు తిరిగి మా ముందునుంచి గుర్రుమంటూ వెళ్ళింది. అది వెళ్ళాక లేచింది.

ఆ వేలికి ఎందుకు అంతసేపు అని కూతురే అడిగింది. తనకి గుర్తున్నంత వరకు నాలుగు వేళ్ళూ ఒకే వరసలో, సమానంగా లేచేవి. పెద్దాయనకి ఆ ప్రశ్నే వింతగా తోచింది.

"బళ్ళు చూసుకోవద్దూ? వీధిలోకే కదా తలుపు. నీకు కళ్ళు పూర్తిగా కనబడితే ఒక్క దూకు దూకేదానివి. అటూ ఇటూ ఖాళీ అయ్యాకే ఆఖరి వేలు ఎత్తేవాణ్ణి."

ఈవిడ ఆయన్ని అలాగే చూస్తూ ఉండిపోయింది. ఇంత వయసొచ్చేదాకా ఆ చెయ్యి వెలుగు కోసమే అనుకుంది. తర్వాత గిరుక్కున వెనక్కి తిరిగి హాల్లోకి పరుగెత్తింది. అవును, పరుగే. చీర కుచ్చెళ్ళు చేత్తో పట్టుకుని. వెనకాల నేను, నా వెనకాల టోపీ ఊపుకుంటూ పెద్దాయన.

అప్పుడు ఆవిడ రాసిన తీరు చూడాలి. మొదటి మూడు వేళ్ళకీ నా ఫోన్లోని క్షణాలు పెట్టింది. నాలుగో వేలికి క్షణాలే తీసేసింది. దాని బదులు, వీధిలో పోతున్న బండి గుమ్మం ముందునుంచి దాటిపోయిందా లేదా చూడమని రాసింది. దాటలేదా, వెలుగు అలాగే ఉంచు. దాటిందా, అప్పుడు దించు. గేములో పాల బండి ఒకటి ఊరికే తిరుగుతూ ఉండేది, ఎందుకుందో ఎవరికీ తెలియదు. దాన్ని ఆ తలుపు ముందుకి తెప్పించింది. కెప్టెన్ వెనక నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నాడు. ఆ నల్లగా మూసే రకం పక్కన సిద్ధంగానే ఉంది, ఒక్క నొక్కుతో పెట్టేయచ్చు. సరిచూడ్డానికి వేళ లేదు కదా మేడమ్ అన్నాడు. లేదు అంది ఈవిడ. అతను పెట్టలేదు.

విడుదల సంస్థావిడ వచ్చింది. పొట్టి జుట్టు, మెడలో కార్డు, చేతిలో కాఫీ కప్పు. పొద్దున్నుంచి ఎన్ని ఆటలు చూసిందో, కళ్ళలో ఓపిక అడుగంటింది. కాఫీ వదలకుండానే ఒక చేత్తో ఆడింది. ఫోటో కడిగింది. తలుపు తెరిచింది. తెర తెల్లబడింది.

మా బల్ల దగ్గర ఒక్కరం ఊపిరి తీస్తే ఒట్టు. ఆవిడ చెయ్యి మీటల మీద ఆగిపోయింది. లేస్తుందా? సైకిలు బెల్లు మోగింది. ఇళ్ళ కప్పులు తేలాయి. ఆవిడ తల కొంచెం ముందుకి వచ్చింది. షాపుల బోర్డులు. కాఫీ కప్పు బల్ల మీద పెట్టింది. సైకిలు. ఇంకా ఆ చివర మాత్రం తెల్లగానే ఉంది. ఆ తెల్లదనంలో ఎక్కడో బండి చప్పుడు మొదలైంది, దగ్గరైంది, ఎడమనుంచి కుడికి దొర్లుకుంటూ పోయింది. ఆవిడకి తెలియకుండానే కుర్చీలో కాళ్ళు వెనక్కి తీసుకుంది, బండికి దారి ఇచ్చినట్టు. చప్పుడు దూరమైంది. అప్పుడు తెలుపు దిగింది. వీధి అవతల తెల్ల చొక్కా మనిషి నిలబడి ఉన్నాడు.

ఆవిడ మళ్ళీ మీటలు అందుకుంది. పాపని వెనక్కి తిప్పి చీకటి గదిలోకి తీసుకెళ్ళిపోయింది. కెప్టెన్ మొహం పాలిపోయింది. అయిపోయింది, నచ్చలేదు అనుకున్నాం. ఆవిడ మా వైపు తిరిగి చాలా మామూలుగా అడిగింది.

"మళ్ళీ ఒకసారి బయటికి రావచ్చా?"

మూడుసార్లు వచ్చింది ఆ తలుపులోంచి. మూడోసారి ఎదుటి బల్లల వాళ్ళు కూడా చుట్టూ చేరి చూశారు. నేను మా మరిది భుజం మీద ఎంత గట్టిగా కొట్టానంటే పాపం చాలాసేపు రుద్దుకున్నాడు. కెప్టెన్ ఆ రెండో రకాన్ని మెషిన్లోంచి తీసేశాడు. తీసేస్తున్నప్పుడు మా తోటికోడలికి కనబడేలా తెర ఇటు తిప్పి మరీ తీశాడు. సంస్థావిడ తర్వాత ఏం మాట్లాడిందో, కెప్టెన్‌తో ఎన్ని కాగితాల సంగతి చెప్పిందో నాకు అంతగా గుర్తు లేదు. నేను పెద్దాయన్ని చూస్తున్నాను.

ఆయన తెర దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు పైకి తోసుకుని, ఆ తెల్ల చొక్కా మనిషిని పరీక్షగా చూశాడు. పాస్‌పోర్టు ఫోటో చూసినట్టు. కూతురు పక్కన నిలబడి చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది.

"ఈ మనిషి నేనేనా?" అన్నాడు ఆఖరికి.

"కాదు నాన్నా. ఎవరో."

"నేనే. చొక్కా నాది. కానీ నాకు ఇంత పొట్ట ఎక్కడుందే?"

బొమ్మలాయన సిగ్గుపడిపోయి, తగ్గించేస్తానండీ, రెండు నిమిషాల పని అని ముందుకొచ్చాడు. మా స్విచ్చులమ్మ ఒక్క అడుగు అడ్డం వేసింది.

"ఎవరూ ముట్టుకోవద్దు. ఆఖరి వేలు లేచాక ఎండ ముందు పడేది దాని మీదే."

పెద్దాయన ఇంకొకసారి తెర వైపు చూశాడు. తన పొట్ట మీద చెయ్యి వేసుకుని, కాస్త లోపలికి పీల్చి, మళ్ళీ వదిలేశాడు. సరేలే, ఉండనీ అన్నాడు.